నవ్వని మొహాల సినిమా

నేను ఆ సినిమాలు చూడాలని వెళ్లలేదు. ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే ఫిలిం ఫెస్టివల్ అనగానే నాకు భుజాన గుడ్డ సంచీ, మొహానికి గుండ్రటి కళ్లద్దాలు తగిలించేస్తారు. సూరత్ రింగ్ రోడ్డు మీద బట్టల మార్కెట్లో ఒక చీరల ఆఫీసు ఉంది. అక్కడ కంప్యూటర్ ముందు కూర్చుని చీరల మీద పువ్వులు గీయడం నా పని. కొమ్మను ఎటు వంచాలి, ఆకును ఎటు తిప్పాలి అని చూసి చూసి సాయంత్రానికి కళ్లు మండుతాయి. అలాంటి మనిషికి సినిమా అంటే పాటలుండాలి, కొట్లాటలుండాలి, చివరికి అందరూ ఒకచోట చేరి ఫొటోకి నిలబడ్డట్టు నిలబడాలి. ఆఫీసులో నా పక్క సీటు గుజరాతీ అమ్మాయి ఫెస్టివల్ పాసు తెచ్చుకుంది. తీరా ఆ వారమే పెళ్లిచూపులు కుదిరేసరికి పాసు నా చేతిలో పెట్టింది. మే నెల, హాల్లో ఏసీ. నేను వెళ్లడానికి అంతకన్నా గొప్ప కారణం ఏమీ లేదు.

ఆ వారమంతా యూరప్‌లో పైవైపున్న చలి దేశాల సినిమాలట. స్వీడన్, నార్వే, డెన్మార్క్. నేను వెళ్లేసరికి తెర మీద ఒక గది ఉంది. గదిలో ఒక ముసలాయన బల్ల ముందు కూర్చున్నాడు. కెమెరా కదలదు, ఆయనా కదలడు. కిటికీ అవతల మంచు. కాసేపటికి ఇంకొకాయన తలుపు తీసుకుని వచ్చి, "మీ ఇంటి కప్పు మీద నా పడవ ఉంది" అన్నాడు. ముసలాయన చాలాసేపు ఆలోచించి, "తెలుసు" అన్నాడు. అంతే. హాలు గొల్లున నవ్వింది.

నాకు ఒళ్లు మండింది. ఏముందని నవ్వుతున్నారు వీళ్లు? తెర కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదవగలిగినందుకు నవ్వుతున్నారా? లేచి వెళ్లిపోదామనుకున్నాను గానీ బయట ఎండ గుర్తొచ్చి ఊరుకున్నాను. తెర మీద ఆ ఊరివాళ్లంతా వంతులవారీగా వచ్చి పడవను చూసి పోతున్నారు. ఒక్కడూ దించడు. ప్రతివాడూ పైకి చూసి, నిలబడి, "పెద్దదే" అని వెళ్లిపోతాడు. ఆఖరికి పోలీసాయన వచ్చి, పైకి చూసి, టోపీ సర్దుకుని, "నీళ్లు లేవే" అన్నాడు. అప్పుడు నాకు ఫక్కున నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. పక్కనున్న పెద్దమనిషి నావైపు తిరిగి చూసి తనూ మొదలుపెట్టాడు.

మర్నాడు ఆఫీసులో తలనొప్పని చెప్పి మళ్లీ వెళ్లాను. అన్నీ అవే మొహాలు. తెర మీద ఎవరూ నవ్వరు. ఎవడు అందరికన్నా దిగులుగా ఉంటాడో వాడి మాటకే హాల్లో అన్నిటికన్నా పెద్ద నవ్వు లేస్తుంది. మనవైపు హాస్యం అలా ఉండదు కదా. మా సొసైటీలో నవరాత్రులకు వేసే గుజరాతీ నాటకంలోనైనా, మా తెలుగువాళ్ల పెళ్లిళ్లలోనైనా, జోకు వేసేవాడు ముందు తనే నవ్వుతాడు. పక్కవాడి వీపు మీద చరుస్తాడు. నవ్వే చోటు ఇదీ అని చూపిస్తాడు. ఈ చలి దేశాల వాళ్లు ఏమీ చూపించరు. తెలిస్తే నవ్వు, లేకపోతే నీ ఖర్మ అన్నట్టు నిలబడతారు.

ఈ మొహాన్ని నేను ఎక్కడో చూశానే అని ఆ రెండు రోజులూ మనసు పీకుతూనే ఉంది. బస్సులో ఇంటికొస్తుంటే తట్టింది. ఎక్కడో కాదు, మా ఇంట్లోనే. మా నాన్న, మా బాపు మొహం.

బాపు పెళ్లికి ముందే సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చి, మోకాళ్లు అరిగేదాకా సాంచెలు నడిపాడు. పవర్ లూమ్‌ను మా ఇళ్లలో సాంచె అనే అంటారు. రేకుల కప్పు కింద అన్ని సాంచెలూ ఒక్కసారి ఆడుతుంటే పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని కార్ఖానాలో ఎవరూ గొంతు వాడరు. పెదాలు మాత్రం కదుపుతారు. దారం తెగిందనీ, చాయ్ వచ్చిందనీ, సేఠ్ వస్తున్నాడనీ ఈ చివర నుంచి ఆ చివరకు పెదాల మీదే కబురు పోతుంది. ఆ పనిలో ముసలివాళ్లయ్యేసరికి ఎవరికీ చెవులు మిగలవు. బాపుకీ మిగల్లేదు. ఎదురుగా నిలబడి మాట్లాడితే మాత్రం మన పెదాలు చూసి ఒక్క ముక్క వదలకుండా పట్టుకుంటాడు.

ఆ పని చేసేవాళ్లలో చాలామందికి ఇంట్లో కూడా అరిచి మాట్లాడే అలవాటు పడుతుంది. బాపుకి అరుపు కాదు, పెదాల మాట అబ్బింది. అవసరమైన మాట గొంతుతో అనేవాడు. అవసరం లేని మాట పెదాలతో అనేవాడు. మొహం మాత్రం రాయిలా ఉండేది, ఒక్క గీత కదిలేది కాదు.

అమ్మ ఏనాడూ కార్ఖానా లోపలికి పోలేదు. ఇంట్లోనే చీరలకు రాళ్లంటించే పని చేసేది. రోజంతా తల వంచుకుని ఉండేది. ఎప్పుడో తల ఎత్తేసరికి ఎదురుగా మొగుడు, మొహం మాడ్చుకుని పెదాలు కదుపుతూ కనపడేవాడు. ఇంకేమనుకుంటుంది? నన్నేం తిడుతున్నావని నిలదీసేది. ఏం లేదనేవాడు బాపు. ఏం లేకపోతే ఆ గొణుగుడేమిటని అమ్మ లేచేది. అక్కణ్ణుంచి పొయ్యి ఆరేదాకా గొడవే.

నేను బాపుకి అన్నం డబ్బా ఇవ్వడానికి కార్ఖానాకు పోయేదాన్ని కాబట్టి నాకు పెదాలు చదవడం కొంచెం వచ్చు. ఒక వానాకాలం మా గది కప్పు కారుతుంటే అమ్మ ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ తెచ్చి నేల మీద పరిచింది. బాపు మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని ఆ నీళ్లను చాలాసేపు చూశాడు. తర్వాత చేపలు ఇంకా రాలేదేమిటని పెదాలతో అన్నాడు. నేను నిజంగానే చేపల కోసం గిన్నెల్లోకి తొంగి చూశాను. బాపు మొహం అంత నమ్మకంగా ఉంది మరి! ఇల్లు కారుతుంటే మొగుడు మంచమెక్కి తనను తిట్టుకుంటున్నాడని అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు.

బస్సులో ఇది తలుచుకుని నేను ఒక్కదాన్నే నవ్వాను, తర్వాత నవ్వు ఆగిపోయింది. ఇదెంత పెద్ద నష్టమో అప్పటికి నాకు సగమే అర్థమైంది. అమ్మకు ఈ సినిమా ఒకటి చూపించాలి అని మాత్రం అనుకున్నాను.

అమ్మను తీసుకెళ్లడం అంత తేలికేం కాదు. తెల్లోళ్ల సినిమా తనకేం అర్థమవుతుందని మొదలుపెట్టి, మోకాళ్లు, ఇస్త్రీవాడు, నీళ్ల మోటారు అన్నీ అడ్డం తెచ్చింది. ఏసీ అన్న తర్వాత మెత్తబడింది. శనివారం మధ్యాహ్నం ఆట. మంచి చీర కట్టుకుని, పర్సులో పల్లీ పట్టీలు వేసుకుని వచ్చింది.

ఆ రోజు నార్వే సినిమా. సముద్రం ఒడ్డున ఒక మొగుడూ పెళ్లాం, వాళ్లకో చిన్న చాయ్ కొట్టు. అవతలి ఒడ్డుకు పోయే పడవ కోసం వచ్చేవాళ్లు అక్కడ చాయ్ తాగేవాళ్లు. పక్కన వంతెన కట్టేసరికి పడవ ఆగిపోయింది. ఇక మనుషులు రారు. అయినా వాళ్లు రోజూ కొట్టు తెరుస్తారు. మొగుడు బయటికి పోయి, చుట్టూ తిరిగి, కిటికీ ముందుకొచ్చి గిరాకీలాగా నిలబడతాడు. మొహంలో ఏమీ ఉండదు. "ఈ రోజు చాలా రద్దీగా ఉన్నట్టుంది" అంటాడు. కనుచూపు మేర పిట్ట ఉండదు. పెళ్లాం ఆయన భుజం మీదుగా ఆ ఖాళీలోకి చూసి, "మీరు వరసలో రండి" అంటుంది. ఆమె మొహంలోనూ ఏమీ ఉండదు. ఆయన రెండడుగులు వెనక్కి వేసి నిలబడతాడు.

నేను అమ్మ చెవిలో తెలుగు చేసి చెబుతున్నాను. కాసేపటికి చేత్తో నా మూతి పక్కకు నెట్టి, "నువ్వు ఊకో, నాకు తెలుస్తుంది" అంది. హాలు నవ్వుతోంది. అమ్మ నవ్వడం లేదు. పల్లీ పట్టీ చేతిలో పట్టుకుని అలాగే ఉంది. సినిమా చివరిదాకా ఆ మొగుడూ పెళ్లాం అలాగే రోజుకొకటి అనుకున్నారు. ఆయన చాయ్ చల్లారిందని ఫిర్యాదు చేస్తాడు, ఆమె పై ఆఫీసర్‌కు రాయమంటుంది. ఒక్కసారి కూడా ఒకరినొకరు చూసి నవ్వుకోరు. వాళ్లంత సంతోషంగా ఉన్న మొగుడూ పెళ్లాలను నేను ఏ సినిమాలోనూ చూడలేదు.

బయటికొచ్చాక సోడా బండి దగ్గర కూర్చున్నాం. అమ్మ సోడా తాగలేదు.

"గామె జవాబు చెప్పింది బిడ్డా" అంది. "ఆయనేమన్న అంటే గామె తిరిగి జవాబు చెప్పింది."

అవునన్నాను.

"మీ బాపు గట్లనే అనేటోడా?"

అవునన్నాను. ఏమనేవాడో చెప్పమని పట్టుబట్టింది. నాకు గుర్తున్నవి చెప్పాను. చేపల సంగతి చెప్పాను. ఊరి నుంచి వచ్చిన చుట్టమొకాయన నెలలు గడిచినా కదలకుండా మా గదిలో ఉన్నప్పుడు, ఆయన ఎదురుగానే అన్నం తింటూ, ఈయన పేరు రేషన్ కార్డులో ఎక్కిద్దామా అని అమ్మ వైపు చూసి పెదాలు కదిపాడని చెప్పాను. అమ్మకు ఆ చుట్టం గుర్తొచ్చి నవ్వు తన్నుకొచ్చింది. బండివాడు తిరిగి చూసేంత నవ్వు. ఆ రోజు మాత్రం, చుట్టం ముందు తిట్టాడని బాపుతో మూడు పూటలు మాట్లాడలేదు అమ్మ.

తర్వాత, ఒక పెళ్లికి పోవడానికి తను నీలం చీర కట్టుకున్న రోజు బాపు ఏమన్నాడని అడిగింది. అది కూడా నాకు తెలుసు. తలుపు దగ్గర నిలబడి అమ్మను పైనుంచి కిందిదాకా చూసి, ఈ బట్ట సాంచె మీదున్నప్పుడు ఇంత మంచిగా లేకుండె అని పెదాలతో అన్నాడు. అమ్మ నవ్వు ఆగిపోయింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని అక్కడే, అంతమంది జనం మధ్య ఏడ్చింది. ఆ రోజు తను ఆ చీర విప్పేసి పాతది కట్టుకుని పెళ్లికి పోయిందట.

"సంఘం పెద్దమనుషుల ముంగట వెట్టిన బిడ్డా ఆయన్ను. లోపల్లోపల తిడుతుండని చెప్పిన."

నాకు ఆ పంచాయితీ లీలగా గుర్తుంది. మా కులసంఘంలో మొగుడూ పెళ్లాల గొడవలు పెద్దమనుషులే కూర్చోబెట్టి తీర్చేవారు. ఆడమనిషిని అలా గొణిగి తిట్టడం మంచిది కాదనీ, మాట్లాడితే నోరు తెరిచి మాట్లాడమనీ, లేకపోతే మూసుకోమనీ బాపుకి చెప్పారు. బాపు సరేనన్నాడు. తిట్టలేదని ఒక్క మాట అనలేదు. నలుగురు పెద్దమనుషుల ముందు నిలబడి, నేను మా ఆవిడను నవ్వించబోయానండీ అని ఏ మగాడు చెబుతాడు? ఆ తర్వాత ఆయన పెదాలు కదలలేదు. గొణుగుడు పోయిందని అమ్మ సంతోషపడింది, ఇంట్లో గొడవలు లేవని నేనూ సంతోషపడ్డాను. ఇంట్లోంచి ఏం పోయిందో ఇద్దరికీ తెలియలేదు.

ఆ ఫెస్టివల్ వాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. ఇన్నేళ్లు ఏం చేశారు? బాపుకి చెవులున్నప్పుడు, అమ్మకు ఓపికున్నప్పుడు, రేకుల గదిలో మేము ముగ్గురం కాళ్లు ముడుచుకుని పడుకునే రోజుల్లో ఈ సినిమా ఒక్కటి తెచ్చి ఉంటే వాళ్ల సొమ్మేం పోయేది? తలాతోకా లేని కోపమని నాకూ తెలుసు. అయినా ఉంది.

బాపుకి ఆ సినిమా చూపించాలని అమ్మ పట్టుబట్టింది. ఆ ఆట మళ్లీ లేదన్నారు. ఫోన్లో వెతికాను, ఆఫీసులో కుర్రవాళ్లతో వెతికించాను, ఎక్కడా దొరకలేదు. అలాంటి సినిమాలు ఊరూరూ తిరిగి పోతాయట, మళ్లీ రావట. ఇదంతా విని అమ్మ, పోనీలే, తనే చేసి చూపిస్తానంది.

వారమంతా వంటింట్లో సాధన చేసింది. ఎంత సీరియస్‌గా మొదలుపెట్టినా మాట సగంలో ఉండగానే నవ్వేసేది. మూతి బిగించమని నేను నేర్పించాను. బాపు మాత్రం ఎప్పట్లాగే బాల్కనీలో కూర్చుని కింద ఆటోలను చూస్తున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం బాపు అలవాటుగా కంచం తీసుకుని వంటింటి గుమ్మం దగ్గరికొచ్చాడు. అమ్మ ఆయనకు ఎదురుగా తిరిగింది. మొహం బ్రహ్మాండంగా పెట్టింది.

"ఈ హోటల్ బంద్ అయింది. వేరే దిక్కు చూస్కో" అంది.

బాపు ఆమె పెదాలు చూశాడు, మొహం చూశాడు. "ఎప్పటిసంది?" అన్నాడు.

"ఇయ్యాల్టిసంది."

సరేనని తలూపి, కంచం తీసుకెళ్లి స్టాండులో పెట్టి, చొక్కా తొడుక్కుని, చెప్పులేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. తలుపు పడగానే అమ్మ వంటింట్లో నేల మీద కూలబడి నవ్వింది. 'ఎప్పటిసంది' అన్నాడు చూశావా అని నా చెయ్యి పట్టుకుని ఊపింది. నాకూ ఒళ్లు పులకరించింది. అచ్చం ఆ చాయ్ కొట్టు మొగుడే! ఇప్పుడు చుట్టూ తిరిగొచ్చి తలుపు కొడతాడనీ, హోటల్ తెరిచారా అని అడుగుతాడనీ, వరసలో రమ్మంటాననీ చెప్పి అమ్మ తలుపు వెనకాల నిలబడింది. జుట్టు కూడా సర్దుకుంది.

తలుపు ఎవరూ కొట్టలేదు. అన్నం చల్లారింది. అమ్మ బాల్కనీలోంచి చూసింది, నేను కిందికి పోయి చూశాను. బాపు పెద్ద రోడ్డు వైపు పోయాడని వాచ్‌మన్ చెప్పాడు. ఫోను ఇంట్లోనే ఉంది. ఎండ నిప్పులు చెరుగుతోంది. అమ్మ తలుపు దగ్గర్నుంచి కదల్లేదు గానీ నవ్వు మాత్రం ఎప్పుడో పోయింది.

చాలాసేపటికి వచ్చాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. చేతిలో ముగ్గురికీ సరిపడా ఖిచిడీ, కఢీ పార్సిల్. ఇంకో చేతిలో మందుల షాపు కవరు, అందులో ఒళ్లునొప్పుల గోళీలు. మన సందులో దుకాణం ఆదివారం మూసేశారనీ, పర్వత్ పాటియా దాకా నడిచాననీ చెబుతూ అమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు.

"మజాక్ చేసిన నేను" అంది అమ్మ.

"మజాకా?" బాపు ఆమెనూ నన్నూ మార్చి మార్చి చూశాడు. "నాకెట్ల ఎరుక? పాణం బాగలేకనో, కోపానికో అన్నవనుకున్న. ఏదైనా తిండి తేవాల్నె గద."

ఆయన కింద కూర్చుని పార్సిల్ దారం ముడి విప్పుతున్నాడు. అమ్మ వచ్చి ఆయన ఎదురుగా, పెదాలు కనపడేంత దగ్గరగా కూర్చుంది.

"నువ్వు చేసేటోడివి గద. గొంతు లేకుండ అనేటోడివి. బిడ్డ అన్ని చెప్పింది నాకు. ఒక్కటను. ఈసారి నవ్వుత."

బాపు ముడి విప్పడం ఆపాడు. ఇన్నేళ్ల తర్వాత ఇదెందుకు అడుగుతోందని అనలేదు, కోపం తెచ్చుకోలేదు. నిజంగా ప్రయత్నించాడు. అమ్మను చూశాడు, ఖిచిడీని చూశాడు, గోడ మీద క్యాలెండర్‌ను చూశాడు. పెదాలు కొంచెం కదిలాయి. నేను ముందుకు వంగాను. అమ్మ అప్పటికే సగం నవ్వు మొహంతో ఎదురుచూస్తోంది. పెదాల మీద మాటేమీ లేదు. మళ్లీ ఒకసారి కదిలి ఆగిపోయాయి.

"ఏం వస్తలేదే" అన్నాడు బాపు, గొంతుతోనే.

అమ్మ ఫర్వాలేదన్నట్టు తలూపింది. ఆ సగం నవ్వు ఆమె మొహం మీద ఇంకాసేపు అలాగే ఉంది. తర్వాత కఢీ పొట్లం విప్పి ముందు ఆయనకు వడ్డించింది.